కరెంటు లేని చోట బోరుకి సోలార్ పంపు: ముందు ఊట, తర్వాతే ప్యానెళ్లు

సోలార్ పంపు అనగానే అందరూ ఎన్ని హెచ్‌పీ, ఎన్ని ప్యానెళ్లు అని మొదలుపెడతారు. ముందు తేలాల్సింది బోరు ఊట. గంటకి ఎంత నీరు ఊరుతుందో తెలియకుండా మోటారు దింపితే, ఎండ బాగా కాసే మధ్యాహ్నానికే నీళ్లు అడుగంటి మోటారు కాలిపోతుంది.

జనరేటరుతో ఒక పంపు నడిపి నాలుగైదు గంటలు ఆపకుండా తోడండి. మొదటి డ్రమ్ము లెక్క నమ్మకండి, అది బోరులో నిలవున్న నీరు. మట్టం దిగడం ఆగాక నింపిన డ్రమ్మే అసలు ఊట చెబుతుంది. 200 లీటర్ల డ్రమ్ము 5 నిమిషాల్లో నిండితే గంటకి 2,400 లీటర్లు. పంపు గరిష్ఠంగా తోడేది ఇంతకంటే తక్కువే ఉండాలి. మట్టం ఎన్ని మీటర్ల దగ్గర ఆగిందో కూడా రాసుకోండి.

ఆ మట్టం 40 మీటర్లు, ట్యాంకు ఎత్తు 6, పైపు రాపిడికి 4 అనుకుంటే హెడ్, అంటే పంపు నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తు, 50 మీటర్లు. రోజుకి 10,000 లీటర్లు, అంటే 10 ఘనపు మీటర్లు కావాలంటే 10 × 50 × 2.725 (ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తడానికి పట్టే వాట్ అవర్లు), సుమారు 1,360 వాట్ అవర్లు. పంపు, మోటారు, కంట్రోలరు (ప్యానెళ్ల కరెంటుని మోటారుకి తగ్గట్టు ఇచ్చే పెట్టె) కలిపి సామర్థ్యం 40 శాతం వేసుకుంటే 3,400 వాట్ అవర్లు. నిండు ఎండ 5 గంటలైతే 680 వాట్లు. దుమ్ముకీ వేడికీ పోయేదానికి పావు వంతు కలిపితే 850 వాట్ల ప్యానెళ్లు. ఏడాదంతా ఒకే తీరున నీళ్లు కావాలంటే, ఎండ తక్కువున్న నెలకే ఈ లెక్క వేయండి.

లోతు ఎక్కువ, నీరు తక్కువైతే హెలికల్ రోటర్ పంపు (రబ్బరు గొట్టంలో మరలా తిరిగే కడ్డీ నీటిని పైకి నెట్టేది) మేలు. సెంట్రిఫ్యూగల్ పంపు (చక్రం గిర్రున తిరిగి నీటిని విసిరేది) వేగం సగానికి పడితే అది ఎత్తగల హెడ్ పావు వంతుకి పడిపోతుంది. అందుకే మబ్బు పట్టినప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క పైకి రాదు. అయితే బోరులో ఇసుక వస్తుంటే హెలికల్ వద్దు, లోపలి రబ్బరు అరిగిపోతుంది.

ప్యానెళ్ల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే లోడు లేనప్పుడు ఉండే వోల్టేజి, చలి ఉదయాల్లో పెరుగుతుంది. అప్పుడు కూడా కంట్రోలరు పరిమితి దాటకూడదు. దాటితే కంట్రోలరు పోతుంది. కేబుల్లో వోల్టేజి నష్టం 3 శాతం లోపుండేలా మందం చూసుకోండి. నీళ్లు అయిపోతే మోటారుని ఆపే డ్రై రన్ సెన్సరు మాత్రం మానొద్దు. బ్యాటరీలకి పెట్టే డబ్బు మూడు రోజుల నీళ్లు పట్టే ట్యాంకుకి పెట్టండి.

పంపుని బోరు అడుగుకి కనీసం 3 మీటర్లు పైన వేలాడదీయండి, లేకపోతే బురద లాగుతుంది. దింపిన లోతు కేసింగ్ మూత లోపలివైపు పెయింటుతో రాసిపెట్టండి. పంపు పైకి తీయాల్సిన రోజున అదే పనికొస్తుంది.