రెండు సిటీల మధ్య ఫ్లైట్ దూరం, టైమ్ మనమే లెక్కేసుకోవడం ఎలా

రెండు ఊళ్ళ పేర్లు కొట్టగానే కనిపించే కిలోమీటర్లు చాలాసార్లు రోడ్డు దూరం, అది ఫ్లైట్‌కి పనికిరాదు. మనకి కావాల్సింది గుండ్రంగా ఉన్న భూమి మీద ఆ రెండు చోట్ల మధ్య అన్నిటికంటే దగ్గర దారి, దాన్నే గ్రేట్ సర్కిల్ డిస్టెన్స్ అంటారు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి మెజర్ డిస్టెన్స్ అని పెట్టి రెండో ఎయిర్‌పోర్ట్ మీద నొక్కితే వచ్చేస్తుంది. గీత వంకరగా కనిపిస్తే కంగారు పడకండి, వంకర మ్యాప్‌ది, దారిది కాదు. ఇంట్లో గ్లోబు ఉంటే న్యూయార్క్ నుంచి టోక్యోకి ఒక దారం బిగించి చూడండి, పసిఫిక్ మధ్యలోంచి కాకుండా పైన అలాస్కా మీదుగా పోతుంది.

ఇక టైమ్. పెద్ద జెట్ విమానం పైకెళ్ళాక గంటకి సుమారు 850 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి దూరాన్ని 850 తో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి కలిపి ఇంకో అరగంట వేసుకోండి. లండన్ న్యూయార్క్ మధ్య దాదాపు 5,550 కిలోమీటర్లు, అంటే ఆరున్నర ప్లస్ అరగంట, ఏడు గంటలు. చిన్న దూరాలకి ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం అయితే 500 తో భాగించాలి.

అసలు తేడా కొట్టేది గాలి దగ్గర. పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, అందుకే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు పడితే తిరిగొచ్చేటప్పుడు ఏడులోపే అయిపోతుంది, చలికాలంలో తేడా ఇంకా ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనకనుంచి తోస్తుంటే ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, నేల లెక్కన గంటకి 1,300 కిలోమీటర్లు దాటిందన్నమాట! నాకైతే ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చే విషయం ఇదే.

దగ్గర దారి ఉన్నా దాంట్లో వెళ్ళనివ్వకపోతే లెక్క మొత్తం మారిపోతుంది. 2022 లో రష్యా ఎయిర్‌స్పేస్ మూసేశాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో పోయే ఫిన్ఎయిర్ విమానాలకి దాదాపు పదమూడు గంటలు పట్టింది, ఊళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే విమానాలు ఏ దారిలో పోతున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో అదే ఫ్లైట్ గత వారం ఏ దారిలో ఎంతసేపు ఎగిరిందో ఒకసారి చూసుకోవడం మంచిది.

టికెట్ మీద టైములు మాత్రం ఒకదాంట్లోంచి ఒకటి నేరుగా తీసేసి లెక్కేయకండి, రెండూ ఎక్కడికక్కడ లోకల్ టైములు. లండన్‌లో 11 కి బయల్దేరి న్యూయార్క్‌లో 2 కి దిగితే మూడు గంటలు కాదు, మధ్యలో అయిదు గంటల తేడా కలిపి ఎనిమిది. అదీ ఏడాదంతా అయిదే ఉండదు, మార్చిలో అమెరికా వాళ్ళు గడియారం ముందే మార్చేస్తారు కాబట్టి బ్రిటన్ వాళ్ళు మార్చేదాకా రెండు మూడు వారాలు తేడా నాలుగే ఉంటుంది, ఆ రోజుల్లో బుక్ చేసుకునేవాళ్ళు డేట్ పెట్టి మరీ చెక్ చేసుకోండి.