స్మార్ట్ నగరం ప్లాన్ రాసేముందు పాత కరెంటు బిల్లులు తీయండి

చిన్న నగరాలకు కరెంటు, రవాణా ప్రణాళికలు రాయడం నా పని. లక్ష జనాభాకి అటూ ఇటూగా ఉండే నగరాలు. నా మొట్టమొదటి ప్లాన్ ఎవరైనా చూపించమంటే ఇప్పటికీ మాట మార్చేస్తాను. అందులో సెన్సర్లున్నాయి, యాప్ ఉంది, గోడంత తెరతో కంట్రోల్ రూమ్ ఉంది. మీటింగులో ఓ మూల కూర్చున్న అకౌంటెంట్ ఒకాయన, "ఇంతకీ వెయ్యి లీటర్ల నీళ్లు తోడడానికి మనకి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచీ పని బిల్లులతోనే మొదలుపెడుతున్నాను. మూడేళ్లవి తెప్పించి, ఒక్కో మీటరుకి ఒక్కో వరస రాస్తాను: ఎక్కడుంది, దేనికి, నెలకి ఎన్ని యూనిట్లు, గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి లాగిన అత్యధిక లోడు) ఎంత, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) ఎంత. తర్వాత ఆ పట్టిక పట్టుకుని ప్రతి మీటరు దగ్గరికీ వెళ్లి చూస్తాను. విసుగు పనే. జూనియర్లకి అప్పగించేద్దామనిపిస్తుంది కానీ అప్పగించకండి. ఒకసారి ఓ మీటరు వెతుక్కుంటూ వెళితే అక్కడ ఖాళీ స్థలం కనిపించింది. భవనం కూల్చేసి రెండేళ్లయిందట. కనీస చార్జీ మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నారు.

నగరపాలక సంస్థ బిల్లులో పెద్ద వాటా చాలాచోట్ల నీటి పంపులదీ వీధి దీపాలదీ. ముందు పంపులు చూడండి. లెక్క చిన్నదే. వెయ్యి లీటర్ల నీటిని 50 మీటర్లు ఎత్తడానికి ఏ నష్టమూ లేకపోతే 0.14 యూనిట్ చాలు. పంపు, మోటారు కలిపి 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 0.23 దగ్గర తేలాలి. ఎత్తు అంటే ట్యాంకు ఎత్తొక్కటే కాదు, పైపులో రాపిడి కూడా కలుస్తుంది కాబట్టి ప్రెషర్ గేజ్ చూసి లెక్కేయాలి. మీకు 0.4 వచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది.

ఒక పంపుహౌస్‌లో అలాగే వచ్చింది. వెళ్లి చూస్తే పంపు నుంచి నీళ్లు బయటికి పోయే పైపు మీది డెలివరీ వాల్వ్ సగం మూసి ఉంది, పైపు గుయ్యిమంటోంది. ఎందుకు మూశారని ఆపరేటర్‌ని అడిగాను. "మొత్తం తెరిస్తే మోటారు ట్రిప్పవుతుంది సార్" అన్నాడు. అతను చెప్పింది నిజమే. అవసరానికి మించిన పంపు పెట్టారు. వాల్వ్ పూర్తిగా తెరిస్తే నీళ్లు ఎక్కువ పోయి మోటారు మీద లోడు పెరిగిపోతుంది. అందుకని వాల్వ్ బిగించి, ఆ అడ్డంకిని తోసుకుంటూ ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు. పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌ని, కొంచెం చిన్నది చేయించడమో, మోటారు వేగం తగ్గించే వీఎఫ్‌డీ పెట్టడమో దీనికి మందు. రాపిడే ఎక్కువగా ఉన్న లైన్లో వేగం 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. నీటిని బాగా ఎత్తుకి ఎక్కించే లైన్లో అంత తగ్గదు, ఈ తేడా చెప్పకుండా వీఎఫ్‌డీ అమ్మేవాళ్లతో జాగ్రత్త.

లీకులు కూడా కరెంటు పద్దులోకే వస్తాయి. దారిలో పోయిన ప్రతి లీటరునీ తోడడానికి కరెంటు కాల్చేసి ఉంటాం. ఇవన్నీ తగ్గించాకే సోలార్ సంగతి. ముందే పెడితే వృథాకి సరిపడా పలకలు కొన్నట్టు. ట్యాంకుల్లో చోటుంటే మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడే నింపండి. ఇప్పటికే కట్టి ఉన్న ట్యాంకు కంటే చవకైన బ్యాటరీ నేనింతవరకూ చూడలేదు.

వీధి దీపాల సంగతి తేలిక. 150 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి 170 దాకా లాగుతుంది, చాలా వీధుల్లో అందులో సగం వాట్లకే మంచి ఎల్‌ఈడీ సరిపోతుంది. స్తంభం కింద కాదు, రెండు స్తంభాల మధ్య వెలుగు కొలవండి, నడిచేవాళ్లు భయపడేది అక్కడే. ప్రతి స్తంభానికీ సెన్సర్ అక్కర్లేదు. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే సూర్యాస్తమయాన్ని తనే లెక్కేసుకునే టైమర్, దీపాల్ని వెలిగించే ఒక్కో స్విచ్ ప్యానెల్‌కి ఒకటి చాలు.

ఇక రాకపోకలు. చిన్న నగరం ఈ చివర్నుంచి ఆ చివరికి ఐదు కిలోమీటర్లుంటుంది. సైకిల్ మీద ఇరవై నిమిషాలు. అయినా ప్లాన్లు బస్సుల కొనుగోలుతోనే మొదలవుతాయి. ముందు ఓ ఉదయం ఏడింటి నుంచి తొమ్మిదింటి వరకూ కూడలిలో కూర్చుని కాగితం మీద గీతలు పెట్టండి. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు ఫారంలో కారు, బైకు, బస్సు, లారీ గళ్లున్నాయి. నడిచేవాళ్లకి గడి లేదు. అరగంటలో మార్జిన్ అంతా గీతలతో నిండిపోయింది.

నెదర్లాండ్స్‌లో హౌటెన్ అనే ఊరుంది, జనాభా సుమారు 50 వేలు. అక్కడ ఒక పేట నుంచి ఇంకో పేటకి కారులో పోవాలంటే బయటి రింగ్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి, సైకిల్ మాత్రం నేరుగా పోతుంది. కారుని నిషేధించలేదు, దాని దారి పొడుగు చేశారంతే. స్పెయిన్‌లో పొంతెవేద్రా 1999 నుంచి ఊరి నడిబొడ్డుని నడిచేవాళ్లకి ఇచ్చేస్తూ వచ్చింది. మెట్రో మ్యాప్‌లా కనిపించే ఓ పటం కూడా వేయించింది, కాకపోతే అందులో స్టేషన్ల మధ్య రాసింది నడక నిమిషాలు. ఆ పటం నాకు గోడంత తెర కంటే స్మార్ట్‌గా కనిపిస్తుంది.

బస్సులు కావాల్సిందే. అరగంటకొకటి తిరిగే ఆరు రూట్ల కంటే పది నిమిషాలకొకటి వచ్చే రెండు రూట్లు మేలు, టైమ్‌టేబుల్ చూడకుండా వెళ్లి నిలబడొచ్చు. ఎలక్ట్రిక్ అయితే కొనకముందే కరెంటు శాఖతో కూర్చోండి. తొమ్మిది మీటర్ల బస్సు కిలోమీటరుకి సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకి 180 కిలోమీటర్లు తిరిగితే చార్జింగ్ నష్టంతో కలిపి 200 యూనిట్లు. పది బస్సులకి 2,000. రాత్రి ఆరు గంటల్లో విడతలుగా ఎక్కిస్తే 330 కిలోవాట్లు సరిపోతాయి. పది బస్సులూ వచ్చీరాగానే 60 కిలోవాట్ల చార్జర్లకి తగిలిస్తే 600. ట్రాన్స్‌ఫార్మరూ, గరిష్ఠ లోడుని బట్టి కట్టే డిమాండ్ చార్జీలూ ఈ తేడాని బట్టే పెరుగుతాయి. మధ్యాహ్నం రద్దీ తగ్గే గంటల్లో కొంత ఎక్కిస్తే సోలార్ కూడా పనికొస్తుంది, రాత్రి చార్జింగ్‌లో సోలార్ పాత్ర ఏమీ ఉండదు.

ప్లాన్‌కి అన్ని పార్టీల సంతకాలూ తీసుకోండి. స్వీడన్‌లో వెక్షో నగర మండలి 1996లో శిలాజ ఇంధనాలు మానేస్తామని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇలాంటి పని ఒక్క పదవీకాలంలో తెమలదు మరి.

చివరిది, బోర్డు. పంపుహౌస్ గోడకి ఓ నల్లబోర్డు పెట్టించి, వెయ్యి లీటర్లకి ఎన్ని యూనిట్లో వారం వారం ఆపరేటర్ చేతే రాయించండి. ఆ వాల్వ్ పంపుహౌస్‌లో అలాగే పెట్టించాను. మూడో నెలలో అతనే ఫోన్ చేశాడు. "సార్, అంకె పెరిగింది, నేను చూశాను. చెత్త ఆపే స్ట్రైనర్ జాలీలో ప్లాస్టిక్ సంచి ఇరుక్కుంది. తీసేశాను."