వింత షరతుల వీలునామాతో కథ రాస్తున్నారా?

చెన్నైలో ఉంటూ తెలుగు కథలు రాసే మిత్రులకు ఒక చిట్కా. తాతగారు మైలాపూర్ ఇల్లు మనవడికి రాస్తూ ఏదో వింత షరతు పెట్టడం మంచి ఎత్తుగడ. కాకపోతే షరతు ఖాయం చేసుకునే ముందు 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 126 నుంచి 132 దాకా సెక్షన్లు ఒకసారి చదవండి. చిన్నవే.

గంటలో 100 మైళ్లు నడిస్తేనే ఆస్తి అంటే ఆ రాత చెల్లదు. మేనకోడలు మొగుణ్ణి వదిలేస్తే 5,000 రూపాయలు అన్నా చెల్లదు. రెండూ చట్టంలో ఇచ్చిన ఉదాహరణలే!

అసలు సరుకంతా 128లో ఉంది. నలుగురి సమ్మతితో పెళ్లి చేసుకుంటేనే ఆస్తి అని షరతు. ఒకరు కాగితం మీద ఒప్పుకున్నారు. ఒకరు పెళ్లికి వచ్చారు. ఒకరు పెళ్లికి ముందే కానుక పంపారు. నాలుగో మనిషికి విషయం చెబితే అభ్యంతరం పెట్టలేదు. షరతు తీరినట్టే. ఆ నోరు విప్పని నాలుగో మనిషిని మీ కథలో బాబాయిని చేయండి. ఒప్పుకున్నాడా లేదా అన్న టెన్షన్ చివరిదాకా నడుస్తుంది.

అదే, మనవడికి ఇచ్చాక 'ఫలానాది జరిగితే తమ్ముడికి పోవాలి' అని రాస్తే లెక్క వేరు. అది అక్షరం పొల్లుపోకుండా జరిగితేనే ఇల్లు చేతులు మారుతుంది.

ఇంకొకటి, ఇల్లు తాతగారి స్వార్జితమని ముందే చెప్పేయండి. ఉమ్మడి ఆస్తి అయితే ఆయన తన వాటా వరకే రాయగలరు.