మనోళ్ళ విమానాన్ని మనోళ్ళే కూల్చకుండా - 3వ పాఠం: జవాబు రాకపోతే ఏటి?

గత పాఠంలో రాడార్ తెరమీద చుక్క ఎలా పడతాదో చూసాం, ఇప్పుడు ఆ చుక్క మనోడా పరాయోడా అన్నది తేల్చాలి. శ్రీకాకుళంలో అగ్నివీర్ కోచింగ్‌కెళ్ళే తమ్ముళ్ళు, కోరుకొండ సైనిక్ స్కూల్ కుర్రాళ్ళు ఒకటే మాట, ఐఎఫ్ఎఫ్ (మనోడా పరాయోడా అని విమానాన్ని అడిగి తేల్చే ఏర్పాటు) ఉండగా ఇంకేటి భయం అన్నా అని. చిక్కంతా అక్కడే ఉంది మరి.

ఐఎఫ్ఎఫ్ చేసేది చాలా చిన్న పని. కిందనుంచి 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న వెళ్తాది, విమానంలో ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె 1090 మీద కోడ్‌తో జవాబిస్తాది. సరైన జవాబొస్తే మనోడే. రాకపోతే శత్రువని కాదు, ఎవుడో తెలీదని మాత్రమే. పెట్టె పాడయి ఉండొచ్చు, ఆపేసి ఉండొచ్చు, కోడ్ మార్చడం మరిచిపోయి ఉండొచ్చు. పలాస జీడితోటలో కాపలావోడు రాత్రిపూట "ఎవుర్రా అది" అని అరిస్తే పలకనోడల్లా దొంగేనా, చెవుడున్న మావయ్య కూడా అవ్వొచ్చు కదా.

అందుకే బ్యాటరీకి, అంటే కింద మిస్సైళ్ళు పేల్చే దళానికి, ముందే ఒక స్థితి చెప్తారు, ఇది బట్టీ పట్టండి. వెపన్స్ ఫ్రీ అంటే మనోడని తేలనిదాన్ని దేన్నయినా కొట్టొచ్చు. టైట్ అంటే శత్రువని తేలితేనే. హోల్డ్ అంటే మనమీదకొస్తేనో, ఆర్డరొస్తేనో తప్ప వేలు కదపకూడదు. ఒకే మౌనానికి మూడు చోట్ల మూడు అర్థాలన్నమాట, నాకైతే పాఠం మొత్తంలో ముఖ్యమైంది ఇదే.

2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్‌లోని బడ్గాంలో ఏమైందో చూడండి. బాలాకోట్ దాడి మర్నాడు, పాకిస్తాన్ జెట్లు వచ్చిన పొద్దున్న, శ్రీనగర్ బేస్‌కి తిరిగొస్తున్న మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన స్పైడర్ మిస్సైలే కొట్టింది. వాయుసేనవాళ్ళు 6గురు, కింద ఊళ్ళో ఒకరు పోయారు. హెలికాప్టర్లో ఐఎఫ్ఎఫ్ ఆఫ్‌లో ఉందనీ, కిందోళ్ళకీ పైలట్లకీ మధ్య సమన్వయం తప్పిందనీ విచారణలో తేలింది. పెట్టె ఆగినా మనిషి ఫోన్లో "మనోడొస్తున్నాడు" అని చెప్పుంటే సరిపోయేది. అప్పటి ఎయిర్ చీఫ్ భదౌరియా అది మా పెద్ద తప్పేనని బయటికే ఒప్పుకున్నారు.

ఇప్పుడు మీ పని. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధమప్పుడు అమెరికా పేట్రియాట్ మిస్సైల్ బ్యాటరీ బ్రిటిష్ టోర్నడో యుద్ధవిమానాన్ని కూల్చింది, అందులో ఉన్న ఇద్దరూ పోయారు. విమానం ఐఎఫ్ఎఫ్ పనిచెయ్యలేదు, పేట్రియాట్ కంప్యూటరేమో దాన్ని రాడార్ మీదకొచ్చే మిస్సైల్ అనుకుంది, బ్యాటరీకి పైవాళ్ళతో లింకు అంతంతమాత్రం. నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసి పెట్టె, మనిషి, స్థితి అని రాసి ఏది ఎక్కడ తెగిందో నింపండి. హోల్డ్‌లో కూడా మనమీదకొస్తే కొట్టొచ్చన్న వెసులుబాటు ఉంది చూసారా, ఈ కేసులో ముడి చాలావరకు అక్కడే పడింది, దాన్ని ఏ గడిలో పెడతారో రాయండి. విమానాలకి ముందే దారులు గీసిపెట్టడం 4వ పాఠంలో.