పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు: ఆల్జీబ్రాలో గుర్తులు, ఇంగ్లీషులో కథ

మా కడపలో మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం మిద్దె మీది గది కుంపటే. అందుకే మా పాపతో ఆల్జీబ్రా తెల్లవారుజామునే చేయిస్తున్నాను. ఇంగ్లీషు మాత్రం పొద్దు వాలాక.

వర్గ సమీకరణాల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది గుర్తుల దగ్గరే. ఎక్స్ స్క్వేర్ – 2 ఎక్స్ – 15 = 0 తీసుకోండి. కారణాంకాలు (ఎక్స్ – 5), (ఎక్స్ + 3) అని సరిగ్గానే రాస్తారు. తొందరలో మూలాలు (సమీకరణానికి సరిపోయే ఎక్స్ విలువలు) –5, 3 అని వేసేస్తారు. సరైనవి 5, –3. లబ్ధం చూస్తే రెండు జతలకూ –15 వస్తుంది కాబట్టి తప్పు దొరకదు. కూడి చూడాలి. ఎక్స్ గుణకానికి, అంటే ఎక్స్ ముందున్న సంఖ్యకు, గుర్తు మార్చి, ఎక్స్ స్క్వేర్ గుణకంతో భాగిస్తే వచ్చేదే మూలాల మొత్తం. ఇక్కడ అది 2. –5, 3 కూడితే –2. తప్పు అక్కడే పట్టుబడుతుంది! అర నిమిషం కూడా పట్టదు, ప్రతి లెక్కకూ అలవాటు చేయించండి.

ఇంగ్లీషు పాఠాలు మాత్రం దయచేసి బట్టీ పట్టించకండి. ఒక్క మాట మరిచిపోతే జవాబంతా ఆగిపోయి పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. ముందు అవ్వకు చెప్పినట్టు కథను తెలుగులో చెప్పించండి: ఎవరు, ఏం కోరుకున్నారు, ఏం అడ్డొచ్చింది, చివరికి ఏమైంది. తర్వాత పుస్తకం మూసి, అదే కథను ఐదు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయమనండి. పోయెమ్ అయితే కవి ఏ పోలిక వాడాడో, అది అక్కడ ఎందుకు కుదిరిందో సొంత మాటల్లో రాస్తే చాలు.