కొమడోర్ 64 డెమోలు ఎమ్యులేటర్‌లో సరిగ్గా నడవాలంటే

కొమడోర్ 64, అమీగా, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వంటి 1980ల నాటి హోమ్ కంప్యూటర్ల చేత ఎంత పని చేయించవచ్చో చూపడానికి సంగీతాన్నీ గ్రాఫిక్స్‌నూ కలిపి రాసిన ప్రోగ్రాములను డెమోలంటారు. ఆటల కాపీ రక్షణను ఛేదించినవారు తమ పేరు చాటుకోవడానికి ఆట ముందు తగిలించిన చిన్న ఇంట్రోల నుంచి యూరప్‌లో ఈ కళ పుట్టింది. ఆ పాత యంత్రాలకు నేటికీ కొత్త డెమోలు వస్తూనే ఉన్నాయి. వాటిని నేటి కంప్యూటర్ మీద నడిపించడానికి, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము కావాలి. అయితే ఆటలన్నింటినీ చక్కగా ఆడించే ఎమ్యులేటర్‌లోనే డెమో సగంలో ఆగిపోవడం, తెర చిందరవందర కావడం, సంగీతం లోగొంతుతో వినిపించడం మామూలుగా జరుగుతుంటుంది. దీనికి కారణం చాలావరకు సెట్టింగులే. ఆటలు త్వరగా తెరుచుకోవాలని ఎమ్యులేటర్లలో రకరకాల దగ్గరి దారులు పెడతారు. డెమో రాసేవారు మాత్రం ఫలానా యంత్రం, ఫలానా చిప్పు, ఫలానా డ్రైవు అని నిర్ణయించుకొని, ఒక్కొక్క క్లాక్ సైకిల్‌ను (ప్రాసెసర్ పనిలో అతి చిన్న కాలపు అడుగును) లెక్కపెట్టి రాస్తారు. కాబట్టి ఆ దగ్గరి దారులన్నీ మూసివేసి, అసలు యంత్రాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవాలి.

కొమడోర్ 64కు వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్ సరిపోతుంది. ఇందులో వాడవలసిన ప్రోగ్రాము ఎక్స్64ఎస్‌సీ. పాత కంప్యూటర్ల కోసం ఉద్దేశించిన తేలికపాటి ఎక్స్64 అనే రకం కొన్ని వెర్షన్లలో కనిపిస్తుంది కానీ, డెమోలకు అది పనికిరాదు. అధికారిక ప్యాకేజీలో రోమ్ ఫైళ్లు (యంత్రంలో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాముల నకళ్లు) కలిసే వస్తాయి. డెబియన్ వంటి కొన్ని లినక్స్ ప్యాకేజీలలో అవి ఉండవు గనుక విడిగా సమకూర్చుకోవాలి. ఇంతకు ముందు ఆటల కోసం సెట్టింగులు మార్చి ఉంటే, వాటిలో ఏది ఎక్కడ అడ్డుపడుతుందో వెతకడం వృథా శ్రమ. అన్నింటినీ మొదటి స్థితికి తెచ్చి, అక్కడి నుంచి ఒక్కొక్కటిగా మార్చుకుంటూ రావడం మంచిది.

మొదట చూడవలసింది యంత్రం మోడల్. కొమడోర్ 64 డెమోలలో అత్యధిక భాగం యూరప్‌లోని పాల్ (అక్కడి టీవీ పద్ధతి) యంత్రాల కోసం రాసినవి. పాల్ యంత్రంలో ప్రాసెసర్ సెకనుకు 9,85,248 సైకిళ్లు నడుస్తుంది. తెర మీద గీసే ఒక అడ్డగీతకు 63 సైకిళ్లు, ఒక ఫ్రేముకు (పూర్తి తెర బొమ్మకు) 312 గీతలు. అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ యంత్రంలో గీతకు 65 సైకిళ్లు, ఫ్రేముకు 263 గీతలు. తేడా రెండు సైకిళ్లే కదా అనిపించవచ్చు. కానీ ఒక సైకిల్ గడిచేలోగా వీడియో చిప్పు తెర మీద ఎనిమిది పిక్సెళ్లు గీస్తుంది. సరిగ్గా 63 సైకిళ్లకు ఒకసారి రంగు మార్చేలా రాసిన లూపును ఎన్‌టీఎస్‌సీ మోడల్ మీద నడిపితే, ఒక్కో గీతకు రంగు మారే చోటు 16 పిక్సెళ్ల చొప్పున ఎడమకు జరుగుతూ పోతుంది. నిటారుగా నిలవవలసిన రంగు అంచు మెట్లమెట్లుగా పక్కకు ఒరుగుతుంది. తెర మీద ఇటువంటి ఏటవాలు మెట్లు కనిపించిన వెంటనే మరేదీ ముట్టుకోకుండా మోడల్‌ను పాల్‌కు మార్చి చూడాలి.

పాల్‌లోనూ రెండు రకాలున్నాయి. 1982లో మార్కెట్‌కు వచ్చిన పాత డిజైన్ యంత్రంలో 6569 వీడియో చిప్పు, 6581 సౌండ్ చిప్పు ఉండేవి. తరువాతి కొమడోర్ 64సీలో సాధారణంగా 8565, 8580 చిప్పులు ఉంటాయి. 8565 మీద రంగు మార్చిన చోటల్లా చిన్న బూడిదరంగు చుక్క మెరుస్తుంది. అది అసలు యంత్రంలోనూ ఉన్న లక్షణమే గనుక ఎమ్యులేటర్ దాన్ని చూపిస్తే కంగారు పడనవసరం లేదు; చుక్కలు వద్దనుకుంటే పాత మోడల్‌ను ఎంచుకోవచ్చు.

తరువాతది డ్రైవు. లోడింగ్‌లో ఆగిపోయే డెమోలలో ఎక్కువ వాటికి చిక్కు ఇక్కడే ఉంటుంది. కొమడోర్ 1541 డిస్క్ డ్రైవు దానంతట అదే ఒక చిన్న కంప్యూటర్: సొంతంగా 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్ ఉన్నాయి. డెమోలు కొమడోర్ వారి నెమ్మది లోడింగ్ పద్ధతిని పక్కన పెట్టి, తమ సొంత లోడర్ కోడును డ్రైవు ర్యామ్‌లోకి పంపి, అక్కడి ప్రాసెసర్ చేతనే పని చేయిస్తాయి. తెర మీద ఒక దృశ్యం ఆడుతుండగానే తరువాతి దృశ్యం డిస్క్ నుంచి వస్తూ ఉండటం దీనివల్లే సాధ్యమవుతుంది. ఎమ్యులేటర్‌లోని వర్చువల్ డ్రైవులో ఆ రెండవ ప్రాసెసరే ఉండదు. ఫైలు అడిగితే ఫైలు ఇవ్వడమే దానికి తెలిసిన పని. పంపిన కోడుకు జవాబిచ్చేవారు లేక డెమో అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

అందువల్ల డ్రైవు సెట్టింగులలో 8వ నంబరు డ్రైవుకు ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్‌ను (డ్రైవును దాని ప్రాసెసర్‌తో సహా అనుకరించే సెట్టింగును) ఆన్ చేసి, వర్చువల్ డివైస్‌ను ఆఫ్ చేయాలి. డ్రైవు రకం 1541 లేదా 1541-2 అయి ఉండాలి. 9, 10, 11 నంబర్ల డ్రైవులనూ ప్రింటరునూ పూర్తిగా తీసివేయాలి, ఎందుకంటే ఒకే కేబుల్ మీద మరో పరికరం ఉంటే కొన్ని లోడర్లు తికమకపడతాయి. జిఫీడాస్ వంటి వేగవంతమైన రోమ్‌లు పెట్టుకొని ఉంటే యంత్రంలోనూ డ్రైవులోనూ అసలు రోమ్‌లను తిరిగి పెట్టాలి. లోడ్ అవుతున్నంతసేపూ కిటికీ అడుగున ఉండే ట్రాక్ సంఖ్య మీద ఒక కన్ను వేసి ఉంచడం మంచిది. డైరెక్టరీ 18వ ట్రాక్‌లో ఉంటుంది గనుక సంఖ్య మొదట అక్కడికి వెళ్లి, తరువాత ముందుకూ వెనక్కూ కదులుతుంది. సంగీతం మోగుతున్నా, దృశ్యం మారకుండా ఆ సంఖ్య చాలాసేపు ఒకేచోట నిలిచిపోతే లోడర్ ఇరుక్కుందని అర్థం. డ్రైవు చప్పుడును వినిపించే సౌకర్యం కూడా వైస్‌లో ఉంది. అది కేవలం సరదా కోసమని చాలామంది అనుకుంటారు గానీ, డ్రైవు పనిచేస్తోందో లేదో తెర వైపు చూడకుండానే తెలుసుకోవడానికి నిజంగా అక్కరకు వస్తుంది.

డిస్క్ ఫైలును లాగి కిటికీ మీద వదిలితే వైస్ తనంతట తానే లోడ్ చేసి నడుపుతుంది. డెమోల విషయంలో ఆ ఆటోస్టార్ట్‌ను నమ్ముకోవద్దు. అది లోడింగ్‌ను త్వరగా ముగించడానికి డ్రైవు సెట్టింగులను తాత్కాలికంగా మార్చే అవకాశం ఉంది. డిస్క్‌ను 8వ డ్రైవుకు మాత్రమే తగిలించి, లోడ్ "*",8,1 అనే ఆదేశాన్ని అప్పటివారిలాగా ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, రెడీ అని వచ్చాక రన్ కొట్టడమే నిక్కమైన దారి. డిస్క్ తిప్పమని డెమో అడిగినప్పుడు రెండవ వైపు ఫైలును మళ్లీ అదే 8వ డ్రైవుకు తగిలించాలి. అప్పుడు డిస్క్‌ను తగిలించి వెంటనే నడిపే స్మార్ట్ అటాచ్ వాడితే యంత్రం రీసెట్ అయి, కథ మొదటికొస్తుంది. డిస్క్ వైపులన్నింటినీ ముందుగానే ఫ్లిప్ లిస్టులో చేర్చుకుంటే ఆల్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కగానే తరువాతి వైపు వచ్చేస్తుంది. లోడింగ్ ఆలస్యమవుతోందని వార్ప్ మోడ్ (వేగ పరిమితి లేకుండా నడిపే సెట్టింగు) పెట్టడం వల్ల పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే లోడింగ్ సమయాన్ని కూడా దృశ్యంతోనూ పాటతోనూ నింపడం మంచి డెమోల పద్ధతి.

కార్ట్రిడ్జ్‌లు, ముఖ్యంగా నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపే ఫ్రీజర్ రకంవి, తగిలించి ఉంటే తీసివేయాలి. అదనపు మెమరీ యూనిట్‌ను డెమో కోరితే తప్ప పెట్టకూడదు. కీబోర్డు మీటలను జాయ్‌స్టిక్ కింద కేటాయించి ఉంటే అదీ రద్దు చేయాలి; కొమడోర్ 64లో జాయ్‌స్టిక్ పోర్టులూ కీబోర్డూ ఒకే తీగలను పంచుకుంటాయి గనుక, స్పేస్ నొక్కమని అడిగే చోట అది అందకపోవచ్చు.

శబ్దం దగ్గర డెమో వెంట వచ్చే వివరణ ఫైలును చదవక తప్పదు. 6581, 8580 చిప్పుల ఫిల్టర్లు వేరువేరు. ఒకదాని కోసం కూర్చిన బాణీ రెండవదాని మీద మూసుకుపోయినట్టో, కీచుగానో వినిపిస్తుంది. పాత డెమోలలో రికార్డు చేసిన మాటలనూ డ్రమ్ములనూ వాల్యూమ్ రిజిస్టర్‌ను వేగంగా మారుస్తూ వినిపించేవారు. ఆ కిటుకు 6581లోని ఒక విద్యుత్ లోపం మీద ఆధారపడింది; 8580లో ఆ లోపాన్ని సరిదిద్దడంతో అటువంటి శబ్దాలు దాదాపు వినిపించకుండా పోయాయి. డ్రమ్ములు మాయమైతే 6581కి మారాలి, లేదా 8580లోనే డిజీ బూస్ట్ ఎంచుకోవాలి. ఏ చిప్పు వాడాలో ఎక్కడా రాసి లేకపోతే, 1980ల డెమోలకు 6581తోనూ, ఇటీవలి వాటికి 8580తోనూ మొదలుపెట్టమని నా సలహా. ఎమ్యులేటర్‌లో ఈ చిప్పులను అనుకరించే సౌండ్ ఇంజిన్ మాత్రం రీసిడ్ అయి ఉండాలి.

ఇక తెర. పాల్ కొమడోర్ సెకనుకు 50.125 ఫ్రేములు చూపుతుంది. నేటి మానిటర్లు ఎక్కువగా 60 హెర్ట్జ్‌వి. దాంతో ప్రతి ఐదు ఫ్రేములలో ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది, అంటే అడ్డంగా సాగే అక్షరాల వరుస సెకనుకు పదిసార్లు తడబడుతుంది. రెండు చిత్రాలను ఫ్రేము మార్చి ఫ్రేము చూపి కంటికి కొత్త రంగులు పుట్టించే ఇంటర్‌లేస్ బొమ్మలు ఇంకా ఘోరంగా అదురుతాయి. మానిటర్ ఒప్పుకుంటే 50 లేదా 100 హెర్ట్జ్‌కు మార్చి, ఫ్రేములను మానిటర్ లయకు కలిపే వీసింక్ ఆన్ చేయాలి. రిఫ్రెష్ రేటును తానే సర్దుకునే ఫ్రీసింక్, జీసింక్ రకం మానిటర్ ఉంటే మరీ మంచిది. దూరదర్శన్ కాలపు మన టీవీలు కూడా 50 హెర్ట్జ్ పాల్ పద్ధతివే గనుక, ఆ వయసువారికి ఆ కదలిక కొత్తది కాదు. బోర్డర్‌ను మాత్రం కత్తిరించవద్దు: తెర చుట్టూ ఉండే ఆ ఖాళీ అంచును తెరిచి అక్కడ కూడా బొమ్మలు పెట్టడం డెమోకారుల ప్రతిభలో భాగం. బోర్డర్ మోడ్‌ను నార్మల్ లేదా ఫుల్‌లో ఉంచి, ట్రూ యాస్పెక్ట్ రేషియోను ఎంచుకుంటే గుండ్రాలు గుండ్రంగా కనిపిస్తాయి.

అమీగాకు విన్‌యూఏఈ గానీ, ఎఫ్‌ఎస్-యూఏఈ గానీ వాడాలి. 1990ల ఆరంభం వరకు వచ్చిన డెమోలకు అమీగా 500, కిక్‌స్టార్ట్ (అమీగా రోమ్) 1.3, 512 కిలోబైట్ల చిప్ ర్యామ్, మరో 512 కిలోబైట్ల స్లో ర్యామ్ సరైన అమరిక. ఏజీఏ (తరువాతి అమీగాల గ్రాఫిక్స్ చిప్పుల సముదాయం) అని రాసి ఉన్నవాటికి అమీగా 1200 కావాలి. కిక్‌స్టార్ట్‌కు కాపీరైట్ ఉంది గనుక క్లోయాంటో సంస్థ అమ్మే అమీగా ఫరెవర్ ద్వారా పొందడం న్యాయమైన దారి. ప్రతి సైకిల్‌నూ పాటించే సైకిల్ ఎగ్జాక్ట్ ఆన్‌లోనూ, వేగం కోసం పెట్టే జిట్, ఇమ్మీడియట్ బ్లిట్టర్ ఆఫ్‌లోనూ, ఫ్లాపీ వేగం నూరు శాతంగానూ ఉండాలి. వేగవంతమైన ప్రాసెసర్ పెడితే మేలే కదా అనుకోకూడదు. బ్లిట్టర్ (బొమ్మల సమాచారాన్ని కాపీ చేసే భాగం) పని ముగిసిందో లేదో చూడకుండానే తరువాతి అడుగు వేసిన ప్రోగ్రాములు ఆ కాలంలో చాలా ఉన్నాయి. అమీగా 500లోని 68000 ప్రాసెసర్ నెమ్మదిగా నడవడం వల్లే వాటి తప్పు బయటపడలేదు. ప్రాసెసర్ వేగం పెరిగితే బ్లిట్టర్ ఇంకా చదవని సమాచారం మీదనే కొత్తది రాసేసి బొమ్మలు తునాతునకలవుతాయి.

స్పెక్ట్రమ్ విషయంలో తేల్చుకోవలసింది ఒక్కటే: డెమో సింక్లెయిర్ యంత్రానికి రాసిందా, రష్యాలో విస్తరించిన పెంటగాన్ అనే నకలు యంత్రానికి రాసిందా? ఒక ఫ్రేముకు 48కే మోడల్‌లో 69,888, 128కేలో 70,908, పెంటగాన్‌లో 71,680 క్లాకులు పడతాయి. పైగా సింక్లెయిర్ యంత్రాలలో వీడియో చిప్పు ప్రాసెసర్‌ను అప్పుడప్పుడూ ఆపుతుంది, పెంటగాన్‌లో ఆపదు. టీఆర్‌డీ, ఎస్‌సీఎల్ రకం డిస్క్ ఫైళ్లు కనిపిస్తే ఫ్యూజ్ ఎమ్యులేటర్‌లో పెంటగాన్‌నే ముందుగా ప్రయత్నించాలి.

ఇవన్నీ సరిచూసినా నడవకపోతే ఫైలునే అనుమానించాలి. కొమడోర్ డిస్క్‌కు నకలైన మామూలు 35 ట్రాకుల డీ64 ఫైలు సరిగ్గా 1,74,848 బైట్లు ఉంటుంది, అమీగా డిస్క్‌కు నకలైన ఏడీఎఫ్ 9,01,120 బైట్లు ఉంటుంది. తక్కువైతే డౌన్‌లోడ్ సగంలో తెగిందన్నమాట. డెమోల వివరాలు భద్రపరిచే సీఎస్‌డీబీ, పౌయెట్ సైట్లలో డెమో పేరు వెతికితే సరిచేసిన వెర్షన్లూ, అవసరమైన చిప్పు వివరాలూ, చాలావాటికి వీడియో రికార్డింగులూ దొరుకుతాయి. అసలు యంత్రం మీద తీసిన వీడియోను పక్కన పెట్టుకొని పోల్చి చూస్తే, లోపమని మనం అనుకున్నది కావాలని పెట్టిన ఎఫెక్టేనని తేలే సందర్భాలూ ఉంటాయి. ఎమ్యులేటర్‌కే చేతకాని డెమోలు అరుదుగానైనా ఉన్నాయి: 2015లో రివిజన్ అనే డెమోల పోటీ పార్టీలో విడుదలైన 8088 ఎంపీహెచ్ అనే ఐబీఎం పీసీ డెమోను ఆనాటి ఏ ఎమ్యులేటరూ పూర్తిగా నడపలేకపోయింది; మార్టీపీసీ అనే ఎమ్యులేటర్ వచ్చాకే అది దారికి వచ్చింది. అటువంటిదే ఎదురైతే సెట్టింగులతో కుస్తీ పట్టకుండా, ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ విడుదలైనప్పుడల్లా మరోసారి నడిపి చూడండి.