అండమాన్‌కు తొలిసారి వెళ్లేవారు బస ఎక్కడ పెట్టుకోవాలి?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి తొలిసారి అండమాన్ వెళ్లే కుటుంబాలు, విమానం దిగేది అక్కడే కదా అని అన్ని రాత్రులకూ పోర్ట్ బ్లెయిర్‌లోనే గదులు తీసుకోవాలనుకోవడం సహజం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ ఊళ్లో సెల్యులార్ జైలు తప్పక చూడవలసిందే. కానీ సముద్రస్నానమే మీ ముఖ్య కోరికైతే, ఎక్కువ రాత్రులు హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో గడపడం మేలు.

అక్కడ కూడా ఏ తీరమన్నది చూసుకోవాలి. తూర్పున గోవింద్‌నగర్, విజయనగర్ వైపు హోటళ్లు, భోజనశాలలు, స్కూబా డైవింగ్ కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ, ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి పోయి రాళ్లు, పగడపు ముక్కలు బయటపడడం వల్ల ఈతకు వీలుండదు. పడమట ఉన్న రాధానగర్‌లో ఇసుక మెత్తగా ఉంటుంది, స్నానానికి అనువైన తీరమది. సూర్యలంకలో సూర్యోదయానికి అలవాటు పడిన మనకు, సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి చూడడం నిజంగా గొప్ప అనుభూతి. పెద్దవాళ్లు వెంట ఉంటే తూర్పున బస చేసి, మధ్యాహ్నం మూడింటికల్లా ఆటోలో రాధానగర్ బయలుదేరడమే నాకు మెరుగనిపిస్తుంది, ఎందుకంటే చలికాలంలో అక్కడ ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది.

తిరుగు విమానానికి ముందు రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. వాతావరణం బాగా లేక ఫెర్రీలు రద్దయితే, ద్వీపం నుంచి విమానం వేళకు చేరుకోవడం కష్టమవుతుంది.